చల్లటి టైరు మీద ముప్పై మూడు

లంబసింగి ఘాట్ మీద, పొగమంచులో, రోడ్డుకి అడ్డంగా చలిమంట వేసి ఉంది, దాని చుట్టూ మా కారు టైర్లు నాలుగూ మనుషుల్లాగే గొంతుక్కూర్చుని ఒళ్లు కాచుకుంటున్నాయి, వాటి మధ్య, వాటిలో ఒకడిలాగే, మా ఆయన నూకరాజు చేతులు చాపుకుని కూర్చుని ఉన్నాడు. పోయి ఎనిమిది నెలలైన మనిషి ఇక్కడేం చేస్తున్నాడన్న అనుమానం నాకు రావడం లేదు. మంకీ టోపీ పెట్టుకోలేదు, మళ్లీ జలుబు చేస్తుంది, కషాయం కాచేది నేనే కదా అన్న కోపం మాత్రం వస్తోంది.

"ఏటే వరాలూ, ఇంత లేటేటి?" అంటాడు, పోయింది నేనైనట్టూ, ఆలస్యంగా వచ్చినట్టూ.

"బండి లాగట్లేదు మావా. స్టీరింగు బిగుసుకుపోతంది. మలుపు తిప్పితే ఎనకంతా ఊగిపోతంది. నాకు సేతకాదు. పొద్దున్న ఎనిమిదింటికి సన్యాసిరావన్నయ్య వొచ్చి కారు అట్టుకుపోతాడు. అమ్మేస్తన్నాను."

సన్యాసిరావు మా ఆడపడుచు మొగుడు. ఈయన బతికుండగా సరదాకి నేర్పి తీయించిన లైసెన్సుతో, ఆర్నెల్లుగా చింతపల్లి నుంచి నర్సీపట్నానికి మనుషుల్ని తిప్పుతూ నా కూడు నేను తింటున్నాను. చలికాలం మొదలైన దగ్గర్నుంచీ బండి మొండికేయడం, నాకు మలుపు మలుపుకీ గుండె జారడం, సన్యాసిరావన్నయ్య వారం వారం వచ్చి "ఆడోళ్లకి ఘాటురోడ్డు లొంగదమ్మా, నాకిచ్చీ" అనడం, ఆ మాట వినీ వినీ నేనూ నిజమేననుకోవడం. కారు పోతే మళ్లీ ఎవరింట్లోనో అంట్లు తోముకోవాలి, అది తలుచుకుంటేనే నాకు ఏడుపొస్తుంది, కానీ లోయలో పడి చావడం కంటే అంట్లే నయం కదా.

ఈ మాటలన్నీ ఈయనతో అన్నానో, మనసులో అనుకున్నానో తెలియదు, మంట మాత్రం మా వంటింటి పొయ్యి అయిపోయింది, టీ మరుగుతోంది, కారేమో పక్కనే నులకమంచం మీద పడుకుని ఉంది, దాని మీద నేనే మా పెళ్లినాటి దుప్పటి కప్పాను.

"దుప్పటి కప్పితే గాలి పెరుగుద్దేటే?" అని ఈయన నవ్వుతాడు. తరవాత మంచం దగ్గరికి వెళ్లి, మూడు టైర్లని వదిలేసి నాలుగోదాని పొట్ట వేలితో పొడుస్తాడు, అది చక్కిలిగిలి పెట్టినట్టు మెలికలు తిరుగుతుంది. "ఇదేటిలా మెత్తబడిపోయింది? ఏ యేళప్పుడు సూస్తన్నావు గాలి?"

"నువ్వు సెప్పిన యేళకే. ఘాటు దిగి నర్సీపట్నం సేరినాక, మిట్టమజ్జాన్నం. సెయ్యి పెట్టి సూసి, కాల్తే పుల్ల పెట్టి తుస్సుమనిపిస్తన్నాను. ఒక్క రోజు మానలేదు."

నిజంగా ఒక్క రోజు మానలేదు. ఈయన పెట్టిన దీపం ఆర్పకూడదన్నట్టు, ఈయన చెప్పిన ఆ పని నిష్ఠగా చేస్తున్నాను. ఈయనేమో రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, మంచం కోడు పక్కన, దేవుడా అని కూలబడుతున్నాడు.

"ఓసి పిచ్చిదానా! బ్రేకులేసుకుంటూ కొండ దిగినాక టైరు కాలకేం సేస్తాది? ఆ యేడికి గాలి ఉబ్బి ఎక్కువ అగుపిస్తాది. ఉబ్బిందని నువ్వు తీసీసినావు. మళ్లీ కొండెక్కినావు, రేత్రంతా ఈ సలిలో పెట్టినావు, సలికి గాలి ముడుసుకుపోతాది. నువ్వు తీసింది నువ్వు తీసినావు, సలి తీసింది సలి తీసింది. ఇంకేటి మిగుల్తాదే అందులో?"

"మరి ఆ పద్దతి ఎవడు సెప్పాడు నాకు?"

"ఎవడు సెప్పాడు?"

"నువ్వే!"

"నేనా? నేనెప్పుడు సెప్పాను?"

ఇదీ వరస. పంతొమ్మిదేళ్ల కాపురంలో ఈ మనిషి నోట "తప్పు నాది" అన్న ముక్క నేను వినలేదు. ఒకసారి మా పిన్ని కూతురి పెళ్లికని బయల్దేరదీసి, దారి తప్పి రోలుగుంటలో దింపాడు. అక్కడ పందిరీ లేదు, పెళ్లికొడుకూ లేడు, ఎండలో పట్టుచీరతో నేనున్నాను. "దారి సరైనదే, పెళ్లోరే ఊరు మార్సీసుంటారు" అన్నాడు, కళ్లార్పకుండా. తెల్ల చొక్కాకి ఇంజనాయిలు పూసుకొచ్చి చొక్కా రంగే అంత అన్నాడు. పోయాక కూడా బుద్ధి మారదా అని నాకు ఒళ్లు మండిపోతోంది, ఆ మంటకో ఏమో వంటిల్లు చుట్టూ మంచు విడిపోతోంది, విడిపోయిన చోట రోడ్డుకి అడ్డంగా వెదురుగడ కట్టిన చెక్‌పోస్టు కనిపిస్తోంది.

గడ పక్కన చిన్న గదిలోంచి గార్డు తల బయటపెడతాడు. మఫ్లరు చుట్టుకున్నాడు, మొహం చూడబోతే నా లైసెన్సు మీదున్న నా ఫొటోలా ఉంది, అదేం నాకు విడ్డూరంగా లేదు.

"ఈయన మీ మనిసేనా అమ్మా? ఎనిమిది నెలల్నుంచీ నా ప్రాణం తీసేస్తన్నాడు. అవతలికెళ్లాలంటే పెద్ద ఇసయమేం కాదు, సేసిన తప్పు ఒక్కటి సెప్పాల, గడ ఎత్తేస్తాను. అందరూ గంటలో సెప్పేసి ఎల్లిపోతన్నారు. ఈయనేమో నేనేం తప్పు సెయ్యలేదు, నీ గడే తప్పు సోట కట్టినావంటాడు."

"తప్పు సోటే కట్టినాడు," అంటాడు ఈయన మెల్లిగా, నా వైపు తిరిగి. "మలుపులో కడతారేటే ఎవరైనా?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. కొంగు నడుముకి దోపి ఈయన ఎదురుగా నిలబడతాను. "టైరు సంగతి తరవాత. ముందు నాకో మాట సెప్పు. ఆ పొద్దు గుండెలో నొప్పంటే ఆసుపత్రికెల్దామన్నాను. గ్యాసన్నావు. వాము నమిలావు. మళ్లీ అడిగాను, గ్యాసే, నా ఒంటి సంగతి నాకు తెల్దా అన్నావు. ఆసుపత్రి మనింటికి రెండు మలుపులు. నీ బండిలోనే, నేనే నడిపి తీసుకెళ్లేదాన్ని. అది గ్యాసేనా మావా?"

ఈయన చెప్పులతో రోడ్డు మీద మట్టి అటూ ఇటూ గీస్తున్నాడు. టైర్లు కూడా కదలకుండా వింటున్నాయి. గార్డు గడ తాడు మీద చెయ్యి వేసి సిద్ధంగా ఉన్నాడు.

ఆ చెయ్యి చూశాక నాకు తట్టింది. పంతొమ్మిదేళ్లూ ఏ ముక్క కోసం పోట్లాడానో ఆ ముక్క ఈయన ఇప్పుడన్నాడంటే గడ లేస్తుంది, ఈ మనిషి అవతలికి వెళ్లిపోతాడు, ఇక నాతో వాదించడానికి ఎవరూ ఉండరు.

"వొద్దు," అంటాను ఈయన నోటికి చెయ్యి అడ్డం పెట్టి. "సెప్పకు. నాకు తెలిసిపోయిందిలే. ఈడే ఉండిపో, రోజూ వొస్తాను, టీ తెస్తాను. నీదేం తప్పు లేదు, నువ్వన్నీ రైటే. సెప్పకు మావా."

నేను వద్దన్న పని చెయ్యకుండా ఈయన ఏ రోజున్నాడు గనక! నా చెయ్యి పక్కకి తీసి, గొంతు సవరించుకుని, ఊళ్లో అందరికీ వినిపించేలా "టైరు ఇసయంలో తప్పు నాదే!" అంటాడు. గడ జానెడు లేస్తుంది. నా మొహంలోకి చూడలేక మంచులోకి చూస్తూ, ఈసారి నాకొక్కదానికే వినిపించేలా, "గ్యాసు ఇసయంలోనూ," అంటాడు.

గడ మొత్తం లేచిపోతుంది.

ఈయన వంగకుండా, దర్జాగా దాని కింద నుంచి నడిచిపోతున్నాడు, వెనకాలే మా టైర్లు నాలుగూ లేచి బుద్ధిగా దొర్లుకుంటూ పోతున్నాయి, నేను "ఓలమ్మో, నా టైర్లు! టైర్లిచ్చి పోవయ్యా!" అని అరుస్తూ పరిగెత్తి చివరిదాన్ని వాటేసుకుంటాను, మంచులోంచి ఈయన గొంతు "పొద్దున్నే సూడవే! బండి కదలకముందు! సల్లటి టైరు మీద! ముప్పై మూడుండాల!" అని వినిపిస్తోంది, "కాలితో తన్ని సూడకు, గేజెట్టి సూడు!" అని ఇంకా దూరం నుంచి, నేను వాటేసుకున్న టైరు చేతుల్లో మెత్తబడిపోతోంది.

మెలకువ వచ్చేసరికి దిండు వాటేసుకుని ఉన్నాను. తెల్లవారుతోంది. మొహమైనా కడుక్కోకుండా శాలువా కప్పుకుని వాకిట్లోకి వెళ్లాను. కారు మీద మంచు నీళ్లు కారుతున్నాయి. పంపుతో పాటు కొన్న, గాలి కొలిచే గేజు సీటు కింద కవరు కూడా విప్పకుండా ఉంది. చెయ్యుండగా గేజెందుకని ఈయన దాన్ని ముట్టుకోనేలేదు.

ముందు ఎడమది ఇరవై రెండు. కుడిది ఇరవై మూడు. వెనకవి రెండూ ఇరవై ఒకటి. అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. ఇన్నాళ్లూ నన్ను నేను తిట్టుకున్న తిట్లన్నీ ఈయనకి తిప్పి అంటగట్టి, కాసేపు ఏడ్చి, కాలిపంపు తెచ్చి తొక్కడం మొదలుపెట్టాను. నాలుగూ ముప్పై మూడుకి వచ్చేసరికి నా నడుం పడిపోయింది, శాలువా ఎప్పుడో తీసి అవతల పారేశాను. వీధి చివరిదాకా తీసుకెళ్లి తిప్పుకొచ్చాను. స్టీరింగు ఒక చేత్తో తిరిగింది. సన్యాసిరావన్నయ్యకి ఫోను చేసి, "రాకన్నయ్యా, కారు అమ్మను," అన్నాను. "ఏటమ్మా, ఘాటు నీవల్ల కాదు కదా?" అన్నాడు. "నావల్ల అవుద్ది," అని పెట్టేశాను.

పనిలో పనిగా వెనక కింద బిగించి ఉన్న స్టెప్నీ కూడా చూశాను. అది ఏనాడూ రోడ్డెక్కలేదు, వేడెక్కలేదు, అందుకే దాని గాలి ఎవరూ తియ్యలేదు. గేజు ముప్పై చూపించింది. పంపు గొట్టం పెట్టబోయి ఆగాను. పోయిన శివరాత్రికి, పోవడానికి పది రోజుల ముందు, ఈయన ఇదే వాకిట్లో బనీనుతో నిలబడి తొక్కి నింపిన గాలి అది.

మూడు తక్కువైనా పర్లేదనుకుని, మూత బిగించేశాను.