ఆయన మీకేమవుతారు?

మా అమ్మ మా వదిన ఇంటి గడప తొక్కడం అదే మొదటిసారి. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, "ఆ మనిషి కూడా ఉంటాడా?" అని అడిగింది.

"ఆయన ఇల్లమ్మా అది. ఉండక ఎక్కడికి పోతాడు?" అన్నాను.

మా అన్నయ్య సైన్యంలో అంబులెన్సు నడిపేవాడు. పరాయి దేశంలో యుద్ధానికి పంపితే వెళ్ళి, అక్కడే పోయాడు. వదినకి అప్పుడు నాలుగో నెల. చివరిచూపు కూడా దక్కలేదు. తనతో పోయినవాళ్ళ పక్కనే, అక్కడి కొండవాలులో ఖననం చేశారని కబురొచ్చింది. పిల్ల పుట్టాక కొన్నేళ్ళకి వదిన మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఆయన డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. ఊళ్ళో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం ఆయనే నేర్పాడు కాబట్టి అందరూ మాస్టారనే అంటారు, నేనూ అంతే. అమ్మ ఆ పెళ్ళికి అడ్డు చెప్పలేదు. అలాగని వెళ్ళనూ లేదు. ఆదివారాలు పిల్లని నేనే తీసుకొచ్చి ఆవిడకి చూపించి, పొద్దుగూకేలోపు దింపేసేవాణ్ణి.

నా పని లిఫ్టులు బాగుచేయడం. రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయినవాళ్ళని బయటికి లాగడం నాకు మామూలే. ఈ రెండిళ్ళ మధ్య నేనే ఇరుక్కుపోయి ఏళ్ళు గడిచాయి, నన్ను లాగే నాథుడు లేడు.

ఈ ఏడు ఆ దేశంలో పాత యుద్ధస్థలాలు జనం చూడ్డానికి తెరిచారు. పెద్ద వంతెన, కొండలో తొలిచిన సైనికాసుపత్రి, సైనికుల సమాధులు. మూడు రోజుల్లో అన్నీ చూసి రావచ్చు. టీవీలో చూసిన దగ్గర్నుంచీ అమ్మకి అదే ధ్యాస. "కాళ్ళు ఆడుతున్నప్పుడే వాడున్న చోటు ఒకసారి చూసొస్తానురా. పిల్ల రావాలి, దాని తల్లీ రావాలి," అంది. సరే, అందరం ఒకచోట కూర్చుని తేల్చుకుందాం అని నేనే ఇలా లాక్కొచ్చాను.

తలుపు తీసింది మా అన్నయ్య కూతురు. బక్కపలచగా ఉండి నిమిషం నోరు మూయదని పిచ్చుక అని పేరు పెట్టాం. కాలేజీకొచ్చినా ఆ పేరు పోలేదు. "నానమ్మా!" అని మెడకి చుట్టుకుంది. అమ్మ దాని భుజం మీంచే గదంతా ఒకసారి చూసింది. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసిన మనిషి, వార్డులోకి అడుగుపెట్టినట్టే ఉంటుంది ఆ చూపు. కిటికీ గట్టు మీద పార్కింగు పాఠాలు చెప్పడానికి వాడే బొమ్మ కార్లు, గోడన బీరువా, బల్ల మీద తెరిచిపెట్టిన లాప్‌టాప్. మా వదినకి కళ్ళద్దాల షాపుంది. అప్పుడు కూడా ఎవరివో అద్దాలు గుడ్డతో తుడుస్తూ కూర్చుంది. అత్తగారిని చూసి లేచి నిలబడింది గానీ గుడ్డ మాత్రం వదల్లేదు.

మాస్టారు వచ్చి, "కూర్చోండమ్మగారూ," అని తనే కుర్చీ లాగాడు. అమ్మ దాన్ని వదిలేసి పక్క కుర్చీలో కూర్చుంది.

నేను గబగబా పటం చూపించడం మొదలుపెట్టాను. మొదటిరోజు వంతెన, రెండోరోజు సొరంగం ఆసుపత్రి, మూడోరోజు సమాధులు. అక్కడి గైడు ఒకావిడ మన భాష కూడబలుక్కుని మాట్లాడుతుంది, ఆవిడతో మాట్లాడి ఉంచాను.

"టిక్కెట్లు ఎంతమందికి?" అడిగింది పిచ్చుక.

"నలుగురికి," అంది అమ్మ, నన్ను నోరు తెరవనివ్వకుండా. "నేను, నువ్వు, మీ అమ్మ, మీ బాబాయ్."

"మరి నాన్న?"

బల్ల కింద మాస్టారి కుడికాలు నేలని గట్టిగా నొక్కడం నాకు కనిపించింది. ఎన్నేళ్ళుగానో పక్క సీట్లో కూర్చుని బ్రేకు తొక్కీ తొక్కీ అలవాటైపోయింది ఆయనకి. ఇంట్లో మాట వేడెక్కినా కాలు అలాగే వెళ్తుంది.

"మీ నాన్నని చూడ్డానికే కదుటే వెళ్తున్నాం," అంది అమ్మ.

"ఫోటో నాన్నని చూడ్డానికి. నేనడిగేది మా నాన్న గురించి."

"పిచ్చుకా!" మాస్టారు వారించాడు. "నాకు క్లాసులున్నాయమ్మా. మీరంతా వెళ్ళిరండి, నాకేం ఇబ్బంది లేదు."

"నాకుంది," అంది అది. "ఆయన రాకపోతే నేనూ రాను."

అమ్మ మొహం గంటుపెట్టుకుంది. "అక్కడ ఎవరైనా అడుగుతారు, ఈయన ఎవరని. ఏం చెప్పమంటావ్? నా కొడుకు సమాధి దగ్గర ఈయన్ని నా పక్కన నిలబెట్టుకుని ఏ వరసపెట్టి పిలవమంటావ్?"

మాస్టారు లేచాడు. "టీ పెట్టుకొస్తాను," అని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. గిన్నెల చప్పుడు కూడా రాలేదు అటునుంచి.

వాతావరణం చల్లబరుద్దామని వదిన వైపు తిరిగి, "వదినా, నువ్వేమంటావ్?" అన్నాను. అంతకన్నా తెలివితక్కువ ప్రశ్న ఆ పూట ఇంకోటి లేదు.

"నేను రాను," అంది వదిన.

అమ్మ నిటారుగా కూర్చుంది. "అంటే? వాడు నీకంత పరాయివాడైపోయాడా?"

"పరాయివాడై కాదత్తయ్యా. సమాధికి వస్తాను, వంతెనకీ వస్తాను. ఆ సొరంగంలోకి మాత్రం నేను రాలేను. లోపలికి తీసుకెళ్ళి ఒక్క నిమిషం లైట్లన్నీ ఆర్పేస్తారట, అప్పట్లో ఎలా ఉండేదో తెలియాలని. టిక్కెట్టు కొనుక్కుని ఆ చీకట్లో నిలబడటం నా వల్ల కాదు."

"సొరంగానికీ వాడికీ ఏం సంబంధం?" అంది అమ్మ. "వాడు పోయింది వంతెన దగ్గర కదా. గుండు పడి, అక్కడికక్కడే. నువ్వే కదా చెప్పావు."

వదిన చేతిలో గుడ్డ ఆగిపోయింది.

ఆ మాట ఎన్నేళ్ళనుంచో మా ఇంట్లో చెప్పుకుంటున్నదే. అక్కడికక్కడే పోయాడు, బాధపడలేదు. అమ్మ దాన్నే పట్టుకుని బతికింది.

అమ్మ గొంతు మారింది. పేషెంటు ఇంట్లోవాళ్ళు ఏదో దాస్తున్నారని కనిపెట్టినప్పుడు నర్సులు అడిగే గొంతు అది. "అమ్మాయ్. నావైపు చూసి చెప్పు. వాడెక్కడ పోయాడు?"

వదిన చెప్పింది, తల ఎత్తకుండా. దెబ్బలు తగిలినవాళ్ళని సొరంగం ఆసుపత్రికి చేర్చి, చెయ్యి సాయానికి అన్నయ్య లోపలే ఉండిపోయాడట. ఆ పూటే బాంబులు పడి సొరంగం నోరు కూలిపోయింది. బయటివాళ్ళు రాత్రీ పగలూ తవ్వారు. లోపల్నుంచి ఇనప తలుపు మీద కొట్టిన చప్పుడు మూడోరోజు దాకా వినిపిస్తూనే ఉందట. ఆ తర్వాత మళ్ళీ బాంబులు పడ్డాయి, చప్పుడు ఆగిపోయింది. అన్నయ్యతో పనిచేసినతను సెలవు మీద వచ్చినప్పుడు షాపుకొచ్చి, వెక్కివెక్కి ఏడుస్తూ చెప్పి వెళ్ళాడట.

నా నోట్లోంచి నాకు తెలియకుండానే వచ్చేసింది. "బయట్నుంచి ఎవరైనా మాట్లాడారా వదినా, లోపలివాళ్ళతో?" లిఫ్టులో మనిషి ఇరుక్కుంటే మాకు మొదట నేర్పేది అదే. తలుపు ఎప్పుడు తెరుచుకున్నా సరే, మాట మాత్రం ఆగకూడదు.

"మాట్లాడారట. తవ్వుతూ అరుస్తూనే ఉన్నారట, మేమున్నాం, మేమున్నాం అని."

"నీళ్ళు?" అంది అమ్మ.

"ఉన్నాయట, తొట్టి నిండా."

"గాలి?"

"అది అడగడానికి నాకు ధైర్యం చాల్లేదత్తయ్యా. అప్పట్నుంచీ కళ్ళు మూస్తే అదే..."

పిచ్చుక తల్లి వైపే చూస్తోంది. "అందుకేనా మన ఇంట్లో రాత్రంతా లైటు వెలుగుతూ ఉండేది? నాకు చీకటంటే భయమని కదా నాన్న చెప్పేవాడు! నేనూ నిజమే అనుకున్నాను!"

మాస్టారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో ఏమీ లేకుండా. అమ్మ ఆయన్ని మొదటిసారి సూటిగా చూసింది. "మీకు తెలుసా ఇదంతా?"

"తెలుసండి."

"ఎప్పట్నుంచి?"

"పెళ్ళికి ముందే చెప్పింది."

అంతే. అమ్మ లేచింది. "బయటివాడికి చెప్పావు. కన్నదాన్ని, నాకు చెప్పలేదు. ఇన్నేళ్ళు నన్ను పిచ్చిదాన్ని చేసి కూర్చోబెట్టావు," అని వదినతో అని, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళిపోయింది.

నేను వెనకే పరిగెత్తాను. కింది అంతస్తు మలుపులో మెట్టు మీద కూలబడి ఉంది, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి. ఏడవడం లేదు. దగ్గరికి వెళ్తే, "ముట్టుకోకు," అంది. నేను పై మెట్టు మీద నిలబడిపోయాను. ఇంటికి తీసుకెళ్ళడమా, పైకి తీసుకెళ్ళడమా, ఏమీ పాలుపోలేదు.

కాసేపటికి మాస్టారు దిగొచ్చాడు. చెప్పులు తెచ్చి ఆవిడ కాళ్ళ ముందు పెట్టాడు. వెనక్కి పోతాడనుకున్నాను, పోలేదు. కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"మీకు చెప్పేద్దామని చాలాసార్లు అన్నానండి," అన్నాడు. "'ఆవిడకి ఆ ఒక్క మాటే మిగిలింది, అదీ లాక్కోమంటారా?' అని నన్నే అడిగేది."

అమ్మ చెప్పుల వైపు చూస్తూ, "రాత్రిళ్ళు నిద్రపోతుందా అది?" అని అడిగింది.

"ఒక్కోసారి లేచి కిటికీలన్నీ తీసేస్తుందండి. గాలి ఆడట్లేదంటుంది. ఎంత చలైనా సరే."

"మీరేం చేస్తారు?"

"దుప్పటి కప్పుకుని కూర్చుంటానండి, పక్కన."

అమ్మ చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. రెయిలింగు పట్టుకుని లేచింది. ఆవిడ కిందికే దిగుతుందని నేను బండి తాళాలు జేబులోంచి తీశాను కూడా. పైకెక్కింది.

గదిలోకి వస్తూనే, "ఆ గైడుకి ఫోన్ కొట్టరా," అంది నాతో. "గట్టిగా వినబడేట్టు పెట్టు."

గైడు ఎత్తింది. నేను నమస్కారం పూర్తిచేసేలోపే అమ్మ అందుకుంది. "ఏవమ్మా, ఆ సొరంగం ఆసుపత్రిలో తలుపు మూసుకుపోతే లోపలికి గాలి ఎలా వచ్చేది?"

"మీవాళ్ళు ఎవరైనా ఉన్నారా అక్కడ?" అంది గైడు మెల్లగా.

"మా పెద్దాడు."

"అమ్మా, లోపల పైన గొట్టం ఉంది. కొండలోంచి పైదాకా. ఆసుపత్రి కట్టినప్పుడే పెట్టారు. తలుపు మూసినా గాలి వస్తుంది. ఇప్పుడు కూడా వస్తుంది. అగ్గిపుల్ల వెలిగిస్తే మంట పక్కకి వాలుతుంది, నేను చూశాను."

"ఆ రోజుల్లో మూసుకుపోలేదుగా అది?"

"లేదు. తవ్వినవాళ్ళు ఆ గొట్టంలోంచే మాట్లాడారు."

వదిన గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి నేల మీద కూర్చుండిపోయింది. పిచ్చుక వెళ్ళి పక్కన చేరింది. కళ్ళద్దాలు ఇంకా ఆవిడ చేతిలోనే ఉన్నాయి.

గైడు చెప్పుకుపోతోంది. లోపల పోయినవాళ్ళ కుటుంబాలు వస్తే అందరికన్నా ముందు, పొద్దున్నే, విడిగా తీసుకెళ్తారట. లైట్లు ఆర్పరట. "ఎవరెవరు వస్తున్నారో చెప్పండమ్మా. ఆయనకి ఏమవుతారో కూడా చెప్పాలి."

"నేను తల్లిని," అంది అమ్మ. "ఇది వాడి కూతురు. ఈమె నా కోడలు. వీడు తమ్ముడు."

"నలుగురా?"

మాస్టారు కిటికీ వైపు తిరిగాడు. నేను అమ్మ మొహమే చూస్తున్నాను. ఆవిడ బల్ల అంచుని గోటితో గీరుతోంది.

"ఇంకొకాయన ఉన్నారు," అంది.

"ఆయన మీకేమవుతారు?"

అమ్మ గీరడం ఆపింది. "మా మనవరాలి తండ్రి."

గైడుకి అర్థం కాలేదు. "అంటే... మీ అబ్బాయా?"

"మా అబ్బాయి లోపలే పోయాడని చెప్పానుగా! ఈయన వేరు. పిల్ల తండ్రి. నేను చెప్పినట్టే రాసుకో తల్లీ, నీ భాషలో మాట లేకపోతే నీ తిప్పలు నువ్వు పడు," అని కసిరి, ఫోన్ నాకిచ్చేసింది.

మాస్టారు తిరగలేదు. భుజాలు మాత్రం కదిలాయి. పిచ్చుక నోరు తెరవబోతే నేను కళ్ళతోనే ఆపేశాను.

వదిన నేల మీంచే అంది, "నేను వస్తానత్తయ్యా. లోపలికి రాగలనో లేదో అక్కడికెళ్ళాక చెప్తాను."

"రాలేకపోతే బయటే కూర్చో. ఎవరూ ఏమీ అనరు," అంది అమ్మ. ఆ వెంటనే, "కానీ నాకు చెప్పకపోవడం తప్పే. అది నేను మర్చిపోను," అంది.

"మర్చిపోకండి," అంది వదిన.

చలి ముదరకముందే వెళ్ళాం, ఐదుగురం. ప్రయాణంలో అమ్మా వదినా అవసరమైనంత మేరే మాట్లాడుకున్నారు. సొరంగం దగ్గర వదిన నాలుగడుగులు వేసి, మొహం పాలిపోయి వెనక్కి తిరిగింది. మాస్టారు ఆవిడతో బయటే బెంచీ మీద ఉండిపోయాడు. అమ్మ, పిచ్చుక, నేను లోపలికి వెళ్ళాం. రెండు పక్కలా ఇనప మంచాలు, మంచానికొక బూడిదరంగు దుప్పటి. అమ్మ ఆ గొట్టం కింద చాలాసేపు నిలబడింది. తర్వాత మంచాల దగ్గరికొచ్చి, "దుప్పట్లు ఇలాగా మడిచేది? ఏ వార్డులోనైనా చూశారా వీళ్ళు?" అని విసుక్కుని, ఒకటి విప్పి మళ్ళీ మడవడం మొదలుపెట్టింది. గైడు చూసి పక్కకి జరిగింది.

మూడో మంచం దగ్గరుండగా వెనక అడుగుల చప్పుడైంది. మాస్టారి చెయ్యి పట్టుకుని వదిన వచ్చింది. పైన గొట్టం వైపు చూసింది, చెయ్యి ఎత్తి గాలి తగులుతోందో లేదో చూసుకుంది. ఆ తర్వాత అమ్మ దగ్గరికెళ్ళి దుప్పటి రెండో కొస అందుకుంది.

"అంచు నావైపుకి రావాలి," అంది అమ్మ.

వదిన అలాగే తిప్పింది.