నర్సక్క అరుగు మీద గవ్వలు

సిరిసిల్లలో మరమగ్గాలు నడిచే ఆ సాంచాల వాడకు పొద్దుగూకే వేళ జ్వరం వచ్చేది. కోరుట్లలో తిరిగినన్నాళ్లు తిరిగి, ఆ వానాకాలం ఇటు మళ్లింది. మాసిన తలపాగా చుట్టుకున్న బక్క మనిషిలా ఉండేది. ఒక్కో గడప ముందు ఆగి ఐదు గవ్వలు వేసేది. ఐదూ బోర్లా పడితే ఆ ఇంట్లో ఒకరు పోతారు. లేదంటే మంచాన పడి మూలిగి లేస్తారు. దాన్ని చూడగానే అందరూ తలుపులు వేసుకునేవాళ్లు. నర్సక్క ఒక్కతే అరుగు మీద కూర్చోబెట్టి చెంబెడు నీళ్లిచ్చేది. దాహమన్నవాళ్లను పొమ్మనడం ఆ ముసలిదానికి చేతకాదు, ఏం చేస్తాం.

అంటురోగంలో ఎవరు పోతారన్నదాంట్లో కాకతాళీయం పాలెంతో తేల్చడం భవ్య పరిశోధన. జగిత్యాల నుంచి రోజూ బస్సులో వచ్చి ఆ గవ్వల వెంటే తిరిగేది.

సాంచా నడిపే కొమురెల్లికి చిన్నబిడ్డ పోయింది. వెనకే పెద్దబిడ్డా పోయింది.

"ఒక్క ఇంట్లనే రెండుసార్లు ఎట్ల పడ్తయ్ మేడం?" అని భవ్యను నిలదీశాడు.

"పడ్తయ్ అన్నా. గిన్ని ఇండ్లల్ల గిన్నిసార్లు ఏస్తే యాడనో ఒకకాడ గట్ల పడ్తయ్. గవ్వలకు మనిషి ఎర్కుండదు."

నిజమే చెప్పింది. బిడ్డలను పూడ్చి వచ్చిన తండ్రికి ఆ నిజం దేనికి? అతనికి కొట్టడానికి ఒక మనిషి కావాలి.

మరునాడు సాయంత్రం వాడంతా నర్సక్క ఇంటి మీద పడింది.

"నీళ్లు తాగిచ్చుకుంట దాని చెవుల పేర్లు ఊదుతున్నది గిదే!" అని జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చారు. పళ్లు పీకితే మంత్రం పలకదని వాళ్ల నమ్మకం. పక్కింటి పోశం ఆమె చేతులు వెనక్కి విరిచి పట్టాడు. కొమురెల్లి సాంచా బోల్టులు విప్పే పట్టకారు నోట్లో దూర్చాడు.

"నేనేం జెయ్యలే కొడుకా! అవే పడ్డయ్!"

రెండు పళ్లు ఊడి దుమ్ములో పడ్డాయి. అడ్డం వచ్చిన భవ్యను కర్రతో కొడితే మణికట్టు విరిగింది.

అప్పుడు జ్వరం వచ్చింది, రోజూ వచ్చినట్టే. అరుగు మీద చెంబు లేదు, నెత్తురుంది. కాసేపు చూసి, పోశం గడప ముందుకు నడిచి, గవ్వలు కొమురెల్లి చేతిలో పెట్టింది.

"నేనేస్తే ఎట్ల పడ్తయో సూడుండ్రి," అన్నాడు కొమురెల్లి. పోశం అంటే అతనికి ప్రాణం. మనసారా మంచి కోరుకుని వేశాడు.

ఐదూ బోర్లా పడ్డాయి.

లోపల పోశం భార్య కళావతి దబ్బున కూలింది. పోశం పరుగెత్తుకెళ్లి చూసి వచ్చాడు. వచ్చి, కొమురెల్లి చేతిలోంచి పట్టకారు గుంజుకున్నాడు. ఇందాక నర్సక్కను ఈడ్చిన చేతులే కొమురెల్లి చేతులు వెనక్కి విరిచాయి.

"నేనేం జెయ్యలే పోశా! అవే పడ్డయ్!"

అన్నాక గానీ ఆ మాట ఎవరిదో అతనికి తెలియలేదు. ఇనుము పంటికి తగిలింది.

నర్సక్క నెత్తురు కారే నోటితోనే లేచి పోశం చెయ్యి పట్టుకుంది.

"ఇడువు కొడుకా. కళావతికాడికి పో."

పోశం పట్టకారు వదిలేసి గడప మీద కూలబడి ఏడ్చాడు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. జ్వరానికి నీళ్లు తేవడానికి నర్సక్క లోపలికి వెళ్లింది. కొమురెల్లి దుమ్ములో వెతికి ఆమె పళ్లు రెండూ ఏరి, అంగీకి తుడిచి, ఎట్లా ఇవ్వాలో తెలియక ఆమె గుమ్మం ముందే నిలబడ్డాడు.