తాడు చెరిపిన బొమ్మ

బట్టలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో భోజనాల గదికి ఒక పొడవాటి ఖాళీ గోడ ఉండేది. పని జరిగే ప్రతి చోటా శ్రమను పొగిడే బొమ్మ ఉండాలని ప్రభుత్వం ఉత్తర్వు వేసేసరికి, మేనేజరు దుకాణాలకు బోర్డులు రాసే ఆవిణ్ణి పిలిపించాడు. ఆవిణ్ణి అందరూ బొమ్మలక్క అంటారు. ఏం వెయ్యాలో ఆయన చెప్పలేదు. త్వరగా అయిపోతే చాలన్నాడు.

బొమ్మలక్క గోడకు ఒక చివర, నేల నుంచి పైకప్పు దాకా, మూసి ఉన్న తలుపు వేసింది. దాని కడియానికి లావుపాటి తాడు కట్టింది. ఆ తాడు పట్టుకుని గోడ రెండో చివరి దాకా ఆడా మగా, ముసలీ ముతకా వెనక్కి వాలి లాగుతున్నారు. అంతే బొమ్మ.

మొదటి రోజు కుట్టేవాళ్లు అన్నం తింటూ దానిమీద హాస్యాలాడుకున్నారు. తలుపు వెనక మేనేజరు దాచిపెట్టిన ఫ్యాన్లున్నాయని ఒకామె అంది. ఫ్యాన్లు కాదు, మన సెలవులున్నాయని ఇంకొకామె అంది. కాలర్లు కుట్టే పొడుగమ్మ మాత్రం నవ్వలేదు.

"వెనకాల ఏముందో తర్వాత సంగతి. గడియ అటువైపుంది, అది చూడండి," అంది.

తినేవాళ్లు ముద్దలు ఆపి తలుపు వైపు తిరిగారు.

ఆ మాట ఎవరు మోశారో గాని, వారం తిరక్కుండా తనిఖీ అధికారి వచ్చాడు. మర్యాదస్తుడు. బొమ్మలక్కను పిలిపించి, భోజనాల వేళలోనే, అందరి ముందే అడిగాడు.

"ఈ తలుపు అంటే ఏమిటమ్మా?"

"తలుపే సార్."

"ప్రభుత్వం అనుకుంటారు జనం."

"మీరు అనేదాకా నాకు తోచలేదు సార్."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుందని వెనక బల్ల దగ్గర ఎవరో గొణిగారు. తలలు కంచాల్లోకి వంగిపోయాయి. అధికారి చెవులు ఎర్రబడ్డాయి. తాడు తీసెయ్యమని చెప్పి వెళ్లిపోయాడు. తాడు లేకపోతే బొమ్మలో జనం ఊరికే నిలబడి ఉన్నట్టుంటారని ఆయన లెక్క.

బొమ్మలక్క భర్త ప్రభుత్వ ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దేవాడు. దేశాన్నేలే నాయకుడి ఉపన్యాసాలన్నీ ఆయన చేతిమీదుగానే అచ్చుకెళతాయి. నాయకుడి బిరుదులో ఒక అక్షరం జారిపోయినందుకు పక్క కుర్చీ మనిషి ఏమయ్యాడో ఆయనకు తెలుసు. ఆ సాయంత్రం భార్య ఎదురుగా కూర్చుని, ఆ తాడు ఏదో తీసెయ్యి, బతికుంటే బలుసాకు తినొచ్చు అని బతిమాలాడు. ఆవిడ వాదించలేదు. మర్నాడు వెళ్లి తాడును గోడరంగులో కలిపేసింది.

నిచ్చెన దిగి చూస్తే తెలిసింది. తాడు పోయింది గాని పట్టు పోలేదు. వెనక్కి వాలిన అంతమందీ పిడికిళ్లు బిగించి, దెబ్బ వెయ్యబోయే ముందు ఊపిరి బిగబట్టినట్టున్నారు. ఆ మధ్యాహ్నం ఎవరూ హాస్యాలాడలేదు. ఈసారి అధికారి పరుగున వచ్చాడు. పిడికిళ్లు విప్పెయ్యమన్నాడు. ఆవిడ వేలు వేలూ విప్పుతూ కొత్తగా వేసింది. ఇప్పుడు జనమంతా తలుపు వైపు అరచేతులు చాచి, ఇక చాలు అంటున్నట్టయింది.

అధికారి గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"కావాలనే చేస్తున్నారా?" అన్నాడు, కోపం లేకుండానే.

"మీరు చెప్పినట్టే చేశాను సార్."

అది నిజమే. పిడికిళ్ల సంగతి ఆవిడ ముందు ఊహించలేదు కూడా. అరచేతుల సంగతి మాత్రం కుంచె ముంచేటప్పుడే తెలుసు.

ఆ రోజే ఆవిణ్ణి తీసుకుపోయారు. గోడకు సున్నం కొట్టి, మధ్యలో నాయకుడి ఫొటో వేలాడదీశారు.

రెండు రోజులకు భర్తను పిలిచి ఒక కాగితం ముందుపెట్టారు. ఇంట్లో నా భార్య ప్రభుత్వాన్ని దూషించేది, కుట్రతోనే ఆ బొమ్మ వేసింది అని అందులో ఉంది. సంతకం పెడితే ఉద్యోగం నిలుస్తుందన్నారు. ఆయన అలవాటు చొప్పున జేబులోంచి పెన్ను తీసి, పేరా అంతా ఒకసారి చదివాడు.

"ఇందులో తప్పులున్నాయి సార్."

"ఎక్కడ?"

"మొదటి మాట నుంచి."

పెన్ను మూత పెట్టేశాడు. చెంపమీద ఒకటి పడింది, ఉద్యోగం పోయింది. తర్వాత ఒక చిన్న అచ్చాఫీసులో కరపత్రాలు దిద్దే పని చూసుకున్నాడు.

ఫ్యాక్టరీ కబుర్లు పొడుగమ్మ ఇంటికొచ్చి ఆయనకు చెబుతుండేది. ఫొటో పెట్టిన మర్నాడు కుట్టేవాళ్లు బల్లలు అటు తిప్పుకుని, ఫొటోకు వీపు చూపిస్తూ తిన్నారట. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదట. మేనేజరు బల్లలు మళ్లీ ఇటు తిప్పించాడు, వాళ్లు మళ్లీ అటు తిప్పారు. బల్లలను నేలకు బిగించేస్తే నిలబడి తిన్నారు. చివరికి ఆ గదికే తాళం పడింది. ఇప్పుడు మిషన్ల దగ్గరే తింటున్నామని, నూలు పీచు అన్నంలో పడుతోందని అంది పొడుగమ్మ. విసుగ్గానే అంది గాని, గొంతులో ఓడిపోయిన జాడ లేదు.

చలికాలం వెళ్లాక బొమ్మలక్కను వదిలారు. చిక్కి సగమైంది. కుడిచేతి వేళ్లు వాచి ఉన్నాయి. భర్త నీళ్లు కాచి, గిన్నెలో ఆ చెయ్యి పెట్టించి, పక్కన కూర్చుని సంతకం సంగతి చెప్పాడు.

"నిజంగా అలా అన్నారా?"

"అన్నాను. బయటికొచ్చి గోడవారన వాంతి చేసుకున్నాను."

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే కాసేపు ఏడ్చింది. నీళ్లు చల్లారిపోతే ఆయన మళ్లీ కాచి తెచ్చాడు.

ప్రభుత్వం అలాగే ఉంది. అధికారిని మరో ఊరికి మార్చారు. వేళ్లు కాస్త వంగాక బొమ్మలక్కకు బస్సు డిపోలో నంబర్లు రాసే పని దొరికింది. అంకెలు తప్ప చుక్క కూడా వెయ్యకూడదని ముందే చెప్పారు. ఆవిడ అంకెలే వేసింది. డ్రైవర్లు చూస్తూ పోయేవారు.

ఒక మధ్యాహ్నం భర్త అన్నం తెచ్చిన వేళకు, తలనెరిసిన డ్రైవరొకాయన దగ్గరికొచ్చి, మా విశ్రాంతి గదిలో గోడ బోసిగా ఉందమ్మా అన్నాడు. అంతకుమించి ఏమీ అడగలేదు.

బొమ్మలక్క భర్త వైపు చూసింది. ఆయన డబ్బా కింద పెట్టి, ఆవిడ సంచిలోంచి కొలత టేపు తీశాడు.

"పద, పొడవెంతో చూద్దాం," అన్నాడు.