మూరెడు మన్ను, ఒక పొట్టేలు

నేలల సర్వే ఆఫీసులో ఆమెను అందరూ మట్టి మేడమ్ అనేవారు. గోళ్ల సందుల్లో మట్టి లేకుండా ఆమె ఆఫీసుకు వచ్చిన రోజు లేదు. డైరెక్టరుగారి గోళ్లు మాత్రం తళతళలాడేవి. నేలల మీద పుస్తకం రాసిన మనిషికి నేల మీదికి వెళ్లాల్సిన పని ఏముంటుందని ఆయన ఉద్దేశం.

ఆ పుస్తకంలో ఊరికి ఉత్తరాన ఉన్న మేత బీడు గురించి ఒక పేజీ ఉంది. "లోతైన గరప నేల. అయిదడుగులకు తక్కువ కాదు." ఆ పేజీని నమ్ముకుని పైవాళ్లు ఆ బీడులో నలభై వేల పండ్ల మొక్కలు నాటాలని తీర్మానించారు. మొక్కలు డైరెక్టరుగారి బావమరిది నర్సరీలో అప్పటికే మోకాలెత్తు ఎదిగి, సంచులు చించుకుని ఎదురుచూస్తున్నాయి. ఇక నేల ఒప్పుకోవడమే తరువాయి. ఆ ఒప్పుకోలు రాయించుకు రమ్మని మట్టి మేడమ్‌ను పంపారు.

ఆమె పదకొండు రోజులు బీడంతా తిరిగి ఇరవై ఆరు గుంటలు తవ్వించింది. పైమట్టి చూడముచ్చటగా ఉంది. ఇసుక, ఒండ్రు, బంకమన్ను తగుపాళ్లలో కలిసిన ముదురు గోధుమరంగు గరప. తడిపి పిసికితే మెత్తగా ముద్దయ్యేది. బొటనవేలితో రిబ్బనులా సాగదీస్తే అంగుళం సాగి పుటుక్కున తెగేది. జానెడు దిగేసరికి బంక పెరిగి, గులకరాళ్లు మొదలయ్యేవి. వాటి అడుగున సున్నం తెల్లగా పూసుకుని ఉండేది. మూరెడు లోతున గడ్డపార ఖంగుమనేది. కింద, ఎప్పుడో అగ్నిపర్వతం కక్కిన నల్లరాయి, ఒళ్లంతా చిల్లులతో. గడ్డివేళ్లు ఆ రాయి దాకా దిగి, పక్కకు తిరిగి, దుప్పటిలా పరుచుకున్నాయి. గడ్డికి ఆ మూరెడు చాలు. చెట్టుకు చాలదు.

ఇరవై ఆరు గుంటల్లోనూ అదే కథ.

"ఇదేమిటమ్మా?" డైరెక్టరుగారు రిపోర్టును రెండు వేళ్లతో పట్టుకుని అడిగారు.

"రాయి తగిలింది సార్."

"ఎక్కడ?"

"అన్నిచోట్లా."

"అన్నిచోట్లా తగిలిందంటే నీ తవ్వకంలోనే ఏదో లోపం ఉంది. నా పుస్తకంలో అయిదడుగులుంది కదా?"

"మీ పుస్తకానికి గడ్డపార తగల్లేదేమో సార్."

సోఫాలో కూర్చున్న బావమరిది ఉలిక్కిపడ్డాడు. "బావగారు అయిదడుగులన్నాక మధ్యలో రాయి ఎలా వస్తుందండీ?" అన్నాడు, రాయి పర్మిషన్ తీసుకోకుండా లోపలికి వచ్చినట్టు.

డైరెక్టరుగారు లేచి నిలబడ్డారు. "కమిటీని పిలవండి. నేనే తవ్వించి చూపిస్తాను."

నాలుగు రోజుల తర్వాత, పొద్దున్నే, బీడులో మడత కుర్చీలు వేశారు. కమిటీ సభ్యులు ముగ్గురూ గొడుగుల కింద ఆసీనులయ్యారు. బావమరిది కూల్‌డ్రింకులు పంచాడు. డైరెక్టరుగారు కొత్త బూట్లతో నాలుగడుగులు నడిచి, "ఇక్కడ!" అన్నారు. అటెండరు గడ్డపార వేశాడు. మూరెడు దిగి ఖంగుమంది.

"చిన్న రాయి. పక్కన వెయ్యి."

పక్కనా ఖంగుమంది. మూడోచోట నిప్పురవ్వలే లేచాయి. అటెండరు గడ్డపార కింద పడేసి, తిమ్మిరెక్కిన చేతులు విదిలించుకున్నాడు. కొంచెం దూరంలో గొర్రెలు మేపుకుంటున్న ముసలావిడ ఈ తమాషా చూస్తూ నిలబడింది. అంతలో డైరెక్టరుగారి కళ్లు ఒకచోట ఆగాయి. తలుపంత వెడల్పున గడ్డి పచ్చగా, ఏపుగా పెరిగి ఉంది.

"అదిగో! నేలను చదవడమంటే ఇదీ!"

నిజంగానే అక్కడ గడ్డపార దిగింది. రెండడుగులు, మూడు, నాలుగు. కమిటీ చప్పట్లు కొట్టింది. బావమరిది కళ్లు తుడుచుకున్నాడు. మట్టి మేడమ్ గుంట అంచుకు వచ్చి లోపలికి తొంగిచూసింది. పదకొండు రోజులు తిరిగి ఈ చోటును ఎలా వదిలేశానా అని తనను తానే తిట్టుకుంది. అయిదో అడుగు దగ్గర పారకు ఎముకలు తగిలాయి.

"సేంద్రియ పదార్థం!" అని ప్రకటించి డైరెక్టరుగారు స్వయంగా వంగి పైకి లాగారు. మెలితిరిగిన కొమ్ము ఒకటి వచ్చింది.

ముసలావిడ పరుగెత్తుకొచ్చింది. "అయ్యో దొరా! నిన్నీ స్థితిలో చూడాల్సి వచ్చిందా!"

"పర్వాలేదమ్మా, ఇది మా డ్యూటీ," అన్నారు డైరెక్టరుగారు వినయంగా.

"మిమ్మల్ని కాదయ్యా. మా పొట్టేలుని. దొర అని పిల్చేవాళ్లం. ఒకరి మాట వినేవాడు కాదు, కనపడ్డదాన్నల్లా తలతో గుద్దేవాడు. చచ్చిపోతే ఎక్కడ తవ్వినా మూరెడుకే రాయి. ఇక్కడ రాయి నిలువునా చీలింది, ఆ సందులోకి వానలకు మన్ను కొట్టుకొచ్చింది. అందుకని ఇక్కడ పూడ్చాం."

కమిటీ పెద్ద కళ్లజోడు తుడుచుకుని, "మొత్తానికి ఇక్కడ అయిదడుగులు ఉన్నట్టే కదా?" అన్నాడు.

"ఇక్కడైతే ఉందయ్యా."

"చాలు. రాసుకోండి."

రాసే పని మట్టి మేడమ్ మీదే పడింది. ఆమె ఇంటికెళ్లి భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకుని రాసింది: "కమిటీ ఎదుట డైరెక్టరుగారు స్వయంగా ఎంచుకున్న చోట లోతు అయిదడుగులు, ఒక పొట్టేలుతో సహా. అది రాతి చీలిక. మిగిలిన ఇరవై తొమ్మిది చోట్లా మూరెడు."

భర్త వెనక నిలబడి చదివాడు. "ఆ పొట్టేలు మాట తీసెయ్యకూడదూ?"

"అందరి ముందూ బయటపడింది కదండీ. తీసేస్తే అబద్ధం ఆయనది కాదు, నాదవుతుంది."

మర్నాడు డైరెక్టరుగారు "లోతు అయిదడుగులు" దాకా చదివి, తృప్తిగా సంతకం పెట్టారు.

నెల తిరిగేసరికి హెడ్డాఫీసు నుంచి ఉత్తరం దిగింది. "సదరు పొట్టేలును ఏ శాఖ అనుమతితో పూడ్చిరి? మిగతా ఇరవై తొమ్మిది గుంటలలో పొట్టేళ్లు లేకపోవుటకు కారణములేమి? విచారణ తేలువరకు సదరు బీడులో ఎవరును పార పెట్టరాదు." నేల లోతు గురించి ఒక్క ముక్క లేదు. విచారణ తేలలేదు. నర్సరీలో మొక్కలు సంచుల్లోంచే నేలలోకి వేళ్లు దింపుకుని, బావమరిది నడిచే దారి మూసేశాయి.

మట్టి మేడమ్ బీడుకెళ్లి ముసలావిడకు కబురు చెప్పింది. "మొక్కలు రావట పెద్దమ్మా."

"లోతు లేదని తెలుసుకున్నారా?"

"లేదు. మీ దొర అడ్డం పడ్డాడు."

"వాడి బుద్ధే అంత. బతికున్నప్పుడూ దారిచ్చేవాడు కాదు," అంది ముసలావిడ మురిసిపోతూ.

పూడ్చిన జంతువును శాస్త్రీయంగా గుర్తించినందుకు డైరెక్టరుగారికి ప్రశంసాపత్రం వచ్చింది. మట్టి మేడమ్‌కు రికార్డు రూముకు బదిలీ వచ్చింది. కిటికీ లేని గది, పై కప్పు దాకా ఫైళ్లు. మొదటి రెండు రోజులు ఆమె ఫైళ్లకు వరస నంబర్లు వేసింది. గోళ్లు శుభ్రంగా ఉండటం చూసుకుంటే ఏడుపొచ్చింది.

మూడో రోజు, అటక మీద, అదే బీడు పేరుతో ఒక ఫైలు దొరికింది. లోపల ముగ్గురు సర్వేయర్లు, మూడు వేర్వేరు కాలాల్లో, మూడు రకాల చేతిరాతల్లో ఒకటే రాశారు: మూరెడు. ముగ్గురి కాగితాల మీదా ఎవరో ఎర్రసిరాతో "మళ్లీ చూడవలెను" అని రాసిపెట్టారు. ఆమె నేల మీద చతికిలబడి పగలబడి నవ్వింది. పక్కగది గుమాస్తా భయపడి తొంగిచూసి వెళ్లిపోయాడు.

నవ్వు ఆగాక, తుప్పు పట్టిన గుండుసూదులు ఊడబెరికి, దుమ్ము దులిపి, ఆ మూడింటి మీదా తన రిపోర్టు నకలు పెట్టి కొత్త నాడాతో కట్టింది. తర్వాత గుమాస్తా దగ్గర ఎర్రసిరా అడిగి తెచ్చుకుని, అట్ట మీద పెద్ద అక్షరాలతో "చూశాం. మూరెడే." అని రాసి, ఫైలును ఎవరికైనా చేతికందే అరలో పెట్టింది.