మటిల్డా మాటిచ్చిన దోమతెర

ఇలా నా పక్కకు జరగండి. వక్క నములుతూనే వినండి, నోటికి పనుంటే చెవులు బాగా వింటాయి. మన గమోగ్ దోమతెర సంగతి చెబుతాను.

గమోగ్ భార్య మటిల్డా పోయిన వానల్లో చనిపోయింది. ఆమె చాపను ఆమెతోనే పాతిపెట్టారు. బట్టలు పుట్టింటివాళ్ళు పట్టుకుపోయారు. ఇద్దరూ కలిసి పడుకున్న దోమతెర ఒక్కటే ఇంట్లో మిగిలింది. అందులో ఆమె వాసన ఉంది. కొబ్బరినూనె, పొయ్యి పొగ, కాస్త సున్నం. పొద్దుగూకితే చాలు, గమోగ్ అందులోకి దూరి, ఆమె పడుకునే వైపుకు ముఖం తిప్పుకుని పడుకునేవాడు. ఉతకడానికి ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

"బావా, ఆ తెర రంగేమిటో నీకైనా గుర్తుందా?" అని మరదలు టబీతా రోజూ ఎత్తిపొడిచేది. "తెరకు పట్టించిన మందుకు కాదు, కంపుకే చస్తున్నాయి దోమలు."

"చస్తే చావనీ. నీ చుట్టాలా?" అనేవాడు.

అలా ఉండగా మడాంగ్ పట్నం నుంచి పరీక్షవాళ్ళ పడవ వచ్చింది. మూడేళ్ళ కిందట ఇంటింటికీ తెరలిచ్చి, కొన్నింటికి అంకె వేసిన బిళ్ళ కట్టి వెళ్ళింది వాళ్ళే. కొత్త తెర మీద దోమ చావడం గొప్పేమీ కాదు. పొగా, ఎలకలూ, పిల్లల లాగుడూ అన్నీ అయ్యాక కూడా అందులో మందు మిగిలిందా లేదా అన్నదే వాళ్ళకు కావాలి. అందుకని బిళ్ళ ఉన్న పాతది తీసుకుని కొత్తది ఇస్తారు. పాతదాన్ని ముక్కలు కోసి, వాటి మీద దోమల్ని వదిలి చూస్తారు. అలా ఇచ్చిన తెర మళ్ళీ తిరిగి రాదు.

పడవ చప్పుడు వినగానే గమోగ్ తెరను చుట్టి జాలసంచిలో కుక్కి, చూరులో దాచేశాడు.

పరీక్షవాళ్ళ అమ్మాయి దోరికా గుంజల మీది ఇంటికి నిచ్చెనెక్కి వచ్చింది. "బాబాయ్, మీ తెరేదీ?"

"చిరిగిపోయింది. చేపలకు వలగా వాడేశాను."

దోరికా నవ్వింది. "మీ ఊళ్ళో దోమలకంటే చేపలే ఎక్కువ పడుతున్నాయి మా తెరల్లో!" అని, పోయినట్టు రాసుకుంది. అంతే, గండం గడిచింది. లేవబోతూ అడిగింది. "పిన్ని తోటకెళ్ళిందా?"

నిచ్చెన దగ్గర్నుంచి టబీతాయే చెప్పింది. "అక్క లేదమ్మా. పోయిన వానల్లోనే."

దోరికా మళ్ళీ కూర్చుండిపోయింది. సంచిలోంచి ఎర్ర ఊలు ఉండ తీసి గమోగ్ ముందు పెట్టింది. "తెరలిచ్చిన నాడు పిన్ని అడిగింది బాబాయ్. 'తెర భద్రంగా ఉంచి నీ చేతికే ఇస్తాను, నువ్వు మాత్రం నాకు జాలసంచి అల్లుకోడానికి ఎర్ర ఊలు తేవాలి' అంది. సరే అన్నాను."

గమోగ్ ఆ ఊలు ఉండను చేతిలోకి తీసుకున్నాడు. మటిల్డా ఎవరికైనా మాటిచ్చి తప్పడం తన కాపురంలో ఎరగడు. ఇప్పుడు తప్పేలా చేస్తున్నది తనే. లేచి, చూరులోంచి జాలసంచి దించాడు.

"వల దొరికింది కాబోలు," అంది టబీతా.

"నువ్వు కాసేపు ఊరుకో తల్లీ."

తెర చూడగానే దోరికాకు విషయం అర్థమైంది. "ఉంచుకోండి బాబాయ్. పోయిందనే రాశాను కదా."

"నేను చెప్పింది అబద్ధం, అమ్మాయ్. ఆవిడ చెప్పింది నిజం. తీసుకెళ్ళు." తెర అంచు విప్పి, ఒక పక్కను అరచేత్తో నిమిరాడు. "ఇది ఆవిడ పడుకునే వైపు. ఇటు పక్కా కోస్తారా?"

"అన్ని పక్కలా కొయ్యాలి బాబాయ్."

"సరే, కొయ్యండి. ఎవరి పిల్లలకైనా చలిజ్వరం తప్పుతుందంటే ఆవిడ కాదనదు."

తెరను తనే మడిచాడు. మడతమీద మడత వేస్తూ ఆలస్యం చేశాడు. పడవ మలుపు దాటేదాకా ఒడ్డునే నిలబడ్డాడు.

ఆ సాయంత్రం టబీతా చేమదుంపలు ఉడికించి, చేతులు కడుక్కోమని చెంబుతో నీళ్ళు పెట్టింది. గమోగ్ ఆ నీళ్ళు ముట్టుకోలేదు. తెర మడిచిన రెండు అరచేతులూ ముక్కుకు ఆనించుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత ఆ చేతులతోనే తిన్నాడు. రోజూ ఎత్తిపొడిచే టబీతాయే ఆ చెంబు తీసుకుని నిచ్చెన దిగిపోయింది.

ఇదీ సంగతి. నేను పోయాక మీ పిల్లలు తెరలోకి దూరనని మారాం చేసినప్పుడు ఇది చెప్పండి. మటిల్డా పేరు మాత్రం మరిచిపోకండే.