తలకట్టు మార్కులు

తాండూరులో కందుల వ్యాపారం చేసే రాధాకిషన్ మనవరాలు శ్రేయ డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. వికారాబాద్‌లో జరిగే డిబేట్ పోటీకి ఆమె ఎంపికైందని తెలిసి తాత కొట్టు మూసేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆమెకంటే ముందే బస్సెక్కి కూర్చున్నాడు.

విషయం పెద్దదే. దేశదేశాల పిల్లలకు ఒకే పరీక్ష పెట్టి ర్యాంకులిస్తారు. ఒక దేశం ర్యాంకు పడిపోతే వలస వచ్చినవాళ్ల పిల్లలే కారణమా, వలసలు ఆపాలా అన్నది చర్చ. చీటీలో శ్రేయకు ‘ఆపాలి’ అని వచ్చింది. ‘ఆపొద్దు’ అనే పక్షం బొంరాస్‌పేట కుర్రాడు హరీష్‌ది.

శ్రేయ అదరగొట్టింది. వలస పిల్లలకు ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష అంది. వాళ్ల మార్కులు తీసేస్తే సగటు ఎంత పెరుగుతుందో బోర్డు మీద వేసి చూపించింది. ముందు వరసలో రాధాకిషన్ ప్రతి వాక్యానికీ చప్పట్లు కొట్టాడు, కామా దగ్గర కూడా.

హరీష్ లేచి ఒక్కటే అడిగాడు, మీది అసలు ఏ ఊరని.

శ్రేయకు నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకునేకొద్దీ ఎక్కువైంది. మైకు పట్టుకుని వంగిపోయి, ఎలాగో చెప్పింది.

"మా తాత ఎనిమిదేండ్లప్పుడు కర్ణాటకల సేడం నుంచి వచ్చిండు. కన్నడ తప్ప రాకుండె. తెలుగుల మూడుసార్లు ఫేలైండు."

రాధాకిషన్ లేచి నిలబడ్డాడు. "మూడు గాదు బిడ్డా, రెండే. మూడోసారి పాసైన."

హాలంతా గొల్లున నవ్వింది. న్యాయనిర్ణేత పద్మారాణి మేడం కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. మరి తాతను లెక్కలోంచి తీసేస్తే క్లాసు సగటు పెరిగేదా అని అడిగింది.

"పెరుగుతుండె మేడం," అంది శ్రేయ. "కానీ మిగిలినోళ్లకు ఒక్క అక్షరం గూడ ఎక్కువ రాకపోతుండె."

అనేశాక గానీ తన పక్షాన్ని తానే ఓడించానని ఆమెకు తట్టలేదు. హరీష్ చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తను చెప్పాల్సింది ఆమే చెప్పేసిందన్నాడు. కప్పు అతనికే వచ్చింది.

శ్రేయకు రవ్వంత బాధ లేదు, నవ్వాగితే కదా. బయట మిర్చిబజ్జీల బండి దగ్గర రాధాకిషన్ హరీష్ భుజం పట్టుకుని, తెలుగు అక్షరాలకు కన్నడ తలకట్లు పెట్టేవాడినని, పంతులు ఒక్కో తలకట్టుకు ఒక్కో మార్కు కోసేవాడని వేలితో గాల్లో రాసి మరీ చూపించాడు. తాండూరు బస్సు వెళ్లిపోతుంటే శ్రేయ చూసి కూడా చెప్పలేదు. ఇంకో బజ్జీ అందుకుంది.