ఎనిమిదో లైనుకు జోడి

పొద్దున్నే హాజరు వేసే రేకుల షెడ్డు ముందు ఊడ్చే ఆడోళ్లంతా నిలబడ్డరు. సూపర్‌వైజర్ ఓంప్రకాశ్ చాయ్ గ్లాసు పట్టుకొని పేర్లు పిలుస్తుండు.

"నవతా! నువ్వు ఎనిమిదో లైను."

"నా జోడి ఐలవ్వ గద సార్?"

"ఇయ్యాల ఒక్కదానివే పో. ఖాళీ ఇండ్ల కాడ ఇద్దరెందుకు?"

ఎవరి చీపురు వాళ్లు చూసుకున్నరు.

బొగ్గు బావులు ఒక్కొక్కటి మూతపడ్డంక ఆ కాలనీలో సగం ఇండ్లు ఖాళీ అయినయి. ఎనిమిదో లైనులో మనిషి అలికిడే లేదు. తలుపులు ఎవరో పీక్కపోయిండ్రు. ముండ్ల చెట్లు గోడలెక్కినయి. అక్కడ ఊడ్వటానికి ఏముంది? ఆ సంగతి షెడ్డు ముందున్న అందరికీ ఎరుకే.

వాళ్లది మొదటినుంచి జోడి పని. ఒకామె ఊడుస్తే ఒకామె ఎత్తాలె. నిండిన డబ్బా బండిలో కుమ్మరించాలంటే ఇద్దరి చేతులు కావాలె. జోడిని విడగొట్టే పద్ధతి ఓంప్రకాశ్ వచ్చినంకనే మొదలైంది.

నవత కంటే ముందు ఐలవ్వ జోడి దుర్గవ్వ. ఏండ్లకేండ్లు ఒకే గిన్నెల సద్ది తిన్నరు. నిరుడు ఎండకాలం దుర్గవ్వను ఇట్లనే ఎనిమిదో లైనుకు పంపిండు. కొద్దిరోజులకే ఆమె బోథ్‌లో ఉన్న చెల్లె దగ్గరికి పోతనని బస్సెక్కింది. "ఎందుకు పోతున్నవే?" అని ఐలవ్వ కిందినుంచి అడిగితే కిటికీ అద్దం జరిపి మూసుకుంది. అప్పటినుంచి ఏ బస్సు కదిలినా ఐలవ్వకు గుండె దడ.

ఎండ ముదరకముందే నవత తిరిగొచ్చింది. ఒక చేతికి గాజుల్లేవు. మోచెయ్యి గీసుకపోయింది. చీపురు లేదు. ఊడ్చేటోళ్లు నీళ్ల సీసా మరిచిపోతరు, చెప్పులు మరిచిపోతరు, చీపురు మాత్రం మరువరు. ఐలవ్వే ఎనిమిదో లైనుకు పోయి, కూలిన వంటింట్ల పడున్న చీపురు తెచ్చింది. దాని పక్కన గాజు ముక్కలున్నయి.

"ఆ ఓంప్రకాశ్ వెనకాలే వచ్చి గదుమ పట్టుకున్నడు అవ్వా. గోడకు నూకిండు. చెయ్యి కొరికి ఉరికొచ్చిన" అన్నది నవత. "మస్కట్ల ఉన్న మా ఆయనకు చెప్పకుండ్రి. పని మానుమంటడు."

"మానాల్సింది నువ్వా బిడ్డా, వాడా?"

సాయంత్రం నీళ్ల ట్యాంకు కింద అందరూ కూడిండ్రు.

"ఊకోండ్రే. పని పోతే ఎవడు పెడుతడు బువ్వ?" అన్నది శంకరవ్వ.

"నీ వంతు రాలే గనుక గట్లంటున్నవ్" అన్నది రేవతి. అందరిలో చిన్నది, ఇంటర్ దాకా చదివింది.

"నా వంతు రాలేదని నీకెవరు చెప్పిండ్రు?"

రేవతి లేచి పోయి శంకరవ్వ పక్కన కూర్చుంది.

షెడ్డు గోడకు ఒక కాగితం అతికించి ఉంది. ఓంప్రకాశ్ అంగీ తగిలించే మేకు దాన్ని సగం చింపింది. మిగిలిన సగాన్ని రేవతి ఎప్పుడో చదివింది. పనికాడ ఆడోళ్లను వేధిస్తే కమిటీకి చెప్పుకోవచ్చు, చెప్పుకున్నందుకు పనిలోంచి తియ్యరాదు అని ఉందట. "చట్టమే ఉన్నది. పోదాం పాండ్రి" అన్నది. వాళ్లు నమ్మిండ్రు.

కమిటీ అంటే వాళ్లను పనికి పెట్టుకున్న కాంట్రాక్టర్ కుమారస్వామి ఇంటి హాలు. అధ్యక్షురాలు ఆయన భార్య జ్యోతిరాణి. నవతను, ఐలవ్వను మాత్రమే లోపలికి రానిచ్చిండ్రు. ఓంప్రకాశ్ కుర్చీలో కూర్చున్నడు. నవత నిలబడ్డది.

"సాక్షి ఎవరు?" అడిగింది జ్యోతిరాణి.

"సాక్షి ఉండొద్దనే గదమ్మా ఒక్కదాన్ని పంపింది" అన్నది ఐలవ్వ.

"నువ్వు కళ్లారా చూసినవా?"

"చీపురు చూసిన. గాజు ముక్కలు చూసిన."

పక్క గదిలోంచి కుమారస్వామి నవ్విండు. "చీపురొచ్చి సాక్ష్యం చెప్తదా ఐలవ్వా?"

తీర్పు అక్కడే అయింది. నవత భద్రత కోసం రేపటినుంచి ఆమెను చెన్నూరు సైటుకు మారుస్తరట. ఒక్కదాన్నే. చెయ్యి వేసినోడు కుర్చీలో, దెబ్బ తిన్నది బస్సులో. వాళ్ల కాగితంలో భద్రత అంటే ఇదీ.

బయటికొచ్చి చెప్తే, ముందు లేచింది శంకరవ్వే. "సాక్షి కావాల్నన్నరా? ఒక్కదాన్ని పోనిచ్చుడు మన తప్పు. ఇగ అందరం సాక్షులమే."

తెల్లారి ఓంప్రకాశ్ గ్లాసు పట్టుకొని నిలబడ్డడు. "నవతా, బస్సుకు పో. ఐలవ్వా, మూడో లైను."

ఎవరూ కదలలేదు.

"చెవుడొచ్చిందా?"

"పోతం" అన్నది ఐలవ్వ. "అందరం పోతం. ఎనిమిదో లైనుకు."

చీపుర్లు భుజాన వేసుకొని, నవతను నడుమ పెట్టుకొని పోయిండ్రు. కూలిన వంటింటి ముందట బైఠాయించిండ్రు. ఓంప్రకాశ్‌ను తియ్యాలె. ఏ ఆడదాన్నీ ఒక్కదాన్ని పంపరాదు. కమిటీల ఎవరుండాల్నో మేమే ఎన్నుకుంటం. ఇదే మాట వచ్చినోళ్లందరికీ చెప్పిండ్రు. పొద్దు నెత్తిమీదికొచ్చేసరికి బజార్ల చెత్త కుప్పలు పడ్డయి.

కుమారస్వామి కారు దిగిండు. "పని చెయ్యకుంటే నడువుండ్రి. కొత్తోళ్లను తెస్త."

"తే" అన్నది రేవతి. "జోడి జోడిగ తే. వాళ్లకు గూడ ఈ వంటిల్లు చూపిస్తం."

ఆడోళ్లు గొల్లున నవ్విండ్రు. ఆయన మొఖం మాడింది. ఫోను తీసిండు.

పోలీసు జీపు వచ్చింది. "ఇదంత మొదలుపెట్టింది ఎవరు?" అడిగిండు ఎస్సై.

"నేనే సారూ" అన్నది ఐలవ్వ. జీపు మెట్టు మీద కాలు పెడితే దుర్గవ్వ మూసుకున్న కిటికీ అద్దం యాదికొచ్చింది. పోయే మనిషి మాట్లాడకుంటే ఉండే మనిషి ఎంత ఖరాబైతదో ఆమెకు తెలుసు. అందుకే వెనక్కి తిరిగింది. "నవతా, నువ్వు చెన్నూరు బస్సెక్కకు బిడ్డా. ఎవరేం చెప్పినా ఎక్కకు."

నవత లేచింది. "ఆగుండ్రి సార్. నేను గూడ ఎక్కుత."

"నువ్వెందుకు? ఒక్కరు చాలు."

"మాది జోడి పని సార్. ఒక్కదాన్ని పంపం."

ఎక్కి ఐలవ్వ పక్కన కూర్చుంది. శంకరవ్వ రేవతి రెక్క పట్టి గుంజింది. "పా పొల్లా, నా జోడివి నువ్వే గద." వాళ్లెక్కినంక ఇంకో ఇద్దరు ఎక్కిండ్రు. జీపుల జాగ లేదు. ఎస్సై లాఠీతో తలుపు కొట్టి "బస్, ఇగ చాలు!" అని అరిసిండు.

షెడ్డు కాడ ఓంప్రకాశ్ ఇంకా చాయ్ తాగుతుండు. వాణ్ని ఎవరూ జీపెక్కమనలేదు.

బండి కదిలింది. ఐలవ్వ గుండె ఎప్పటిలెక్కనే దడదడలాడింది. కానీ ఈసారి నవత చెయ్యి ఆమె చేతిలో ఉంది. వెనక రోడ్డు మీద, చీపుర్లు భుజాన వేసుకొని, మిగిలిన ఆడోళ్లు ఇద్దరిద్దరుగా స్టేషన్ దిక్కు నడిచొస్తుండ్రు. వాళ్ల వెనక బజారంత ఎవరూ ఎత్తని చెత్త.